కోలాటం పాటకు అట్మాస్ గది కట్టాలా? చుట్టూ వినిపించే సంగీతం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రశ్న: కావలి కోలాటం

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నేను కావలిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. కోలాటం పాటలు, చెక్కభజనలు, అమ్మవారి పాటలు, క్రైస్తవ గీతాలు, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్ములకు డబ్బింగు, ఇవే నా పని. పాడించడానికి ఒక గది, మిక్సింగ్ చేసుకోవడానికి ఒక గది, రెండు మానిటర్ స్పీకర్లు, ఒక కంప్యూటరు ఉన్నాయి. పాట పూర్తయ్యాక పార్టీ వాళ్లు దాన్ని యూట్యూబులో పెట్టుకుంటారు. ఆ తర్వాత అది పెన్‌డ్రైవుల్లోకి ఎక్కి ఆటోలకు, ట్రాక్టర్లకు, తిరునాళ్లలో మైకుసెట్టు వాళ్లకు చేరుతుంది.

ఇటీవల సామాను అమ్మే ఒక సంస్థ మనిషి వచ్చి, నా మిక్సింగ్ గదిని డాల్బీ అట్మాస్ గదిగా, అంటే చుట్టూతా, నెత్తిమీదనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతికి తగిన గదిగా, మార్చుకోమని చెప్పాడు. చెవుల ఎత్తులో చుట్టూ 7, బేసుకు 1, పైకప్పుకు 4, మొత్తం 12 స్పీకర్లు బిగించుకోవాలట. ఇంకొన్నేళ్లలో స్టీరియో పాట అడిగేవాడే ఉండడని గట్టిగా చెప్పి, కొటేషన్ చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ మొత్తానికి నేను అప్పు చేయక తప్పదు.

అమ్మేవాడి మాటే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ నా పనిలో ఒక వెలితి చాలాకాలంగా నన్ను వేధిస్తోంది. కోలాటంలో ఆడేవారు గుండ్రంగా తిరుగుతారు. రెండు వరుసలున్నప్పుడు లోపలివారు ఒక దిక్కుకు, బయటివారు ఎదురు దిక్కుకు తిరుగుతూ, ఒకరి కోలను మరొకరు తాకుతూ సాగుతారు. మధ్యలో నిలబడిన గురువు చెవికి ఆ కోలల దెబ్బ ముందునుంచి వీపు వెనక్కి, వెనుకనుంచి మళ్లీ ముందుకు పరుగెడుతూ వినిపిస్తుంది. గజ్జెలు దానికి కొంచెం వెనుకగా, నేలకు దగ్గరగా వినిపిస్తాయి. దాన్ని నేను స్టీరియోలోకి దించేసరికి, ముగ్గును చెరిపి ఆ పిండితోనే ఒక గీత గీసినట్టు, అంతా రెండు స్పీకర్ల నడుమ ఒక వరుసలో పడిపోతుంది. అందువల్ల చుట్టూ వినిపించే ధ్వని అనే మాట నాకు వట్టి ఆర్భాటంగా తోచడం లేదు.

నేను విన్నంతవరకు గతంలోనూ నాలుగు స్పీకర్ల రికార్డులు, ఆ తర్వాత 5.1 (చుట్టూ ఐదు స్పీకర్లు, బేసుకు ఒకటి) డిస్కులు వచ్చి, ఎవరికీ పట్టకుండానే పోయాయి. ఇప్పటి అట్మాస్ కూడా ఆ దారినే పోతుందా, లేక ఈసారి నిజంగా ఏదైనా మారిందా? మన వైపు శ్రోతకు ఇది ఎప్పటికైనా అందుతుందా? అనుభవం ఉన్నవారు కారణాలతో చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: నెల్లూరు మిక్సింగ్

కావలి తమ్ముడికి, గది కట్టవద్దని ముందే చెప్పేస్తాను. అయితే ఈ ధ్వనికి భవిష్యత్తు లేదని నా అభిప్రాయం కాదు. ఈ రెండు మాటలూ ఎలా పొసగుతాయో చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

స్టీరియో ఎందుకు నిలిచిందో చూస్తే తర్వాతివి ఎందుకు నిలవలేదో అర్థమవుతుంది. ఇంగ్లండులో ఈఎంఐ సంస్థలో పనిచేసిన అలాన్ బ్లమ్లైన్ 1931లోనే స్టీరియోకు పేటెంటు దరఖాస్తు పెట్టినా, స్టీరియో రికార్డులు దుకాణాలకు వచ్చింది 1958 ప్రాంతంలోనే. ఆ రికార్డులో గాడికి ఒక గోడ మీద ఎడమ చానల్, రెండో గోడ మీద కుడి చానల్ ఉంటాయి. మోనోగా, అంటే ఒకే స్పీకరులో, వినేవాడికి ఆ రెండూ కలిసి ఒక్కటిగా వినిపిస్తాయి కనుక పాట ఎక్కడా పోదు. అమెరికాలో 1961లో మొదలైన ఎఫ్ఎం స్టీరియో ప్రసారమూ అంతే, పాత రేడియోలో అది మామూలుగానే పలికింది. ఇంత సౌకర్యంగా వచ్చినా, కంపెనీలు ఇంకో పదేళ్ల వరకు ఒకే పాటను మోనోగానూ స్టీరియోగానూ వేరువేరుగా అచ్చువేస్తూ వచ్చాయి.

1970ల మొదట్లో వచ్చిన క్వాడ్రాఫోనిక్ (క్వాడ్), అంటే నాలుగు స్పీకర్ల రికార్డులకు ఈ అదృష్టం లేదు. సీబీఎస్ వాళ్లు ఎస్‌క్యూ అన్నారు, సాన్సూయి వాళ్లు క్యూఎస్ అన్నారు, జేవీసీ వాళ్లు సీడీ-4 అన్నారు. ఒకరి రికార్డు మరొకరి యంత్రంలో సరిగా పలకదు. మొదటి రెండు పద్ధతుల్లో నాలుగు చానళ్లను రెండింటిలోకి కుక్కి మళ్లీ విడదీసేవారు కనుక ముందు ఉండవలసిన గొంతు వెనుక స్పీకర్లలోకి కారేది. మూడో పద్ధతిలో ముందు, వెనుక ధ్వనుల తేడాను 30 కిలోహెర్ట్జ్ తరంగం మీద మోయించారు. దాన్ని చదవడానికి ప్రత్యేకంగా చెక్కిన ముల్లు కావలసివచ్చింది. ఆ దశకం ముగిసేసరికి ఆ సంత చెదిరిపోయింది. తర్వాత 1999లో ఎస్ఏసీడీ, 2000లో డీవీడీ-ఆడియో అనే డిస్కులు వచ్చాయి, మీరు విన్న 5.1 డిస్కులు ఇవే. ధ్వని నాణ్యతలో వాటికి వంక పెట్టలేం. కానీ కాపీ చేస్తారన్న భయంతో డిజిటల్ ధ్వనిని బయటికి వదలకపోవడం వల్ల, తొలినాళ్ల ప్లేయర్లనుంచి ఆంప్లిఫయర్‌కు ఆరు కేబుళ్లు లాగవలసి వచ్చేది. సరిగ్గా అదే కాలంలో జనం పాటలన్నీ ఎంపీ3లుగా మార్చుకుని జేబులో వేసుకుని తిరగడం మొదలుపెట్టారు. వెనుక స్పీకర్లకు హాలంతా వైర్లు పరవడానికి ఎవరి ఇంట్లో ఒప్పుకుంటారు?

ఈ ప్రయత్నాలన్నింటిలోనూ పాట కొన్ని స్పీకర్లకు కట్టుబడి ఉండేది. నాలుగు చానళ్ల పాటకు నాలుగు స్పీకర్లు, అవి కూడా చెప్పిన చోటే ఉండాలి. అసలు మార్పు ఇక్కడే జరిగింది. 2012లో సినిమా హాళ్లకు వచ్చిన అట్మాస్‌లో ఒక్కొక్క శబ్దాన్ని విడిగా ఉంచి, అది ఏ క్షణంలో ఏ మూల, ఏ ఎత్తులో ఉండాలో చెప్పే సమాచారాన్ని దానికి జత చేస్తారు. చోటు మారని పరుపు లాంటి నేపథ్యానికి 10 చానళ్లు, విడిగా కదిలే శబ్దాలకు (వీటినే వస్తువులు అంటారు) 118, మొత్తం 128 వరకు పెట్టవచ్చు. వినేచోట ఉన్న రెండరర్ అనే ప్రోగ్రాము, అక్కడ ఎన్ని స్పీకర్లున్నాయో చూసుకుని, వాటికి తగినట్టు అప్పటికప్పుడు పంచుతుంది. ఇళ్లకు పంపేటప్పుడు ఆ వస్తువులను గుంపులుగా కలిపి 16 లోపుకు కుదిస్తారు కనుక ఇంటర్నెట్‌లో పాట బరువు భరించరానంతగా ఉండదు. అదే ఫైలు 12 స్పీకర్ల గదికీ, టీవీ కింద పెట్టే సౌండ్‌బార్‌కీ, చెవిలో పెట్టుకునే రెండు ఇయర్‌ఫోన్లకూ సరిపోతుంది. శ్రోత కొత్తగా ఏమీ కొనకుండానే చుట్టూ వినిపించే సంగీతం ఇంత పెద్ద ఎత్తున అతని దగ్గరకు రావడం ఇదే మొదటిసారని నా అభిప్రాయం. ఈ కారణం వల్లనే దీన్ని క్వాడ్‌తో సమానం చేయడం సరికాదని నా వాదన.

ఇక రెండో పక్క. ఇయర్‌ఫోన్లలో వినిపించేది చుట్టూ ఉన్న ధ్వనికి అనుకరణ. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి రెండో చెవికన్నా మిల్లీసెకనులో సుమారు 0.6 నుంచి 0.7 వంతు ముందుగా చేరుతుంది. తల అడ్డం వల్ల రెండో చెవికి బలం తగ్గుతుంది. చెవి డొప్ప మడతలు దానికి ఒక రంగు పూస్తాయి. ఈ మూడింటినీ లెక్కగట్టి కృత్రిమంగా కలిపితే మెదడు దిక్కును నమ్ముతుంది. అయితే ఆ లెక్క ఎవరి చెవి మడతలది? సగటు చెవిది. మీ చెవి సగటుకు దూరమైతే ముందు ఉండవలసిన గాయకుడు నడినెత్తిన కూర్చుంటాడు, లేదా వెనక్కి పోతాడు. ఫోను కెమెరాతో శ్రోత చెవిని చూసి లెక్క సవరించే ఏర్పాటును ఆపిల్ 2022లో తెచ్చింది గాని, అది అందరి ఫోన్లలో ఉండేది కాదు. మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఇప్పుడు అట్మాస్ ముద్రతో వస్తున్న పాటల్లో చాలావాటిని ఇయర్‌ఫోన్లలో వింటే వాటి స్టీరియో మిక్సే మెరుగ్గా ఉంటుంది. గొంతు దూరం జరుగుతుంది, డ్రమ్ము దెబ్బలో పదును పోతుంది, మామూలు శ్రోతకు ఎవరో రీవెర్బ్ (గది మోత) ఎక్కువ కలిపారనిపిస్తుంది.

డబ్బు సంగతి కూడా చూడాలి. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో అట్మాస్ పాటలు మొదలుపెట్టింది. 2024 జనవరి నుంచి అట్మాస్‌లో కూడా అందించిన పాటలకు రాయల్టీ 10 శాతం వరకు ఎక్కువ ఇస్తోంది. దాంతో పాత కేటలాగులను, అసలు పాట చేసినవారు గదిలో లేకుండానే, తొందర తొందరగా అట్మాస్‌లోకి మార్చే పని పెరిగింది. స్పాటిఫై ఇప్పటివరకు ఆ జోలికి పోలేదు. ఒక కంపెనీ ఇచ్చే బహుమానం మీద నడిచే ఉత్సాహాన్ని శ్రోతల కోరికగా లెక్కించకూడదు. బాణీ కట్టేటప్పుడే ఈ వాద్యం ఎక్కడ ఉండాలి, ఈ కోరస్ ఎటునుంచి రావాలి అని ఆలోచించే సంగీత దర్శకులు ఎంతమంది తయారవుతారన్నదే నేను చూసే కొలత. ఇప్పటికి అలాంటివారు తక్కువ. నా అంచనాలో ఇది సినిమా హాల్లో, కారులో, ఇయర్‌ఫోన్లలో నిలుస్తుంది. ఇంటి హాలులో నిలవదు. స్టీరియో ఎక్కడికీ పోదు.

మీ శ్రోతల సంగతికి వస్తే, యూట్యూబు మామూలు పాటకు అట్మాస్ ఫైలు తీసుకోదు. తిరునాళ్లలో కట్టే హారన్లన్నీ 100 వోల్టుల లైను మీద ఒకే సిగ్నల్‌తో నడుస్తాయి కనుక మీరు జాగ్రత్తగా పరిచిన స్టీరియో కూడా అక్కడ మోనో అయిపోతుంది. అట్మాస్ సంగీతానికి లౌడ్‌నెస్ పరిమితి మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట సగటు గట్టిదనాన్ని కొలిచే కొలమానం). గట్టిగా నొక్కి చేసిన పాటలకు అలవాటుపడిన మైకుసెట్టు అబ్బాయికి అది చేతగాని మిక్సింగులా వినిపిస్తుంది. ఇన్ని తెలిసి 12 స్పీకర్లకు అప్పు చేయమని నేనెలా చెప్పగలను?

జవాబు: ఒంగోలు హైవే

నెల్లూరు మిక్సింగ్ గారు కారును ఒక మాటలో దాటేశారు. నాకు మాత్రం ఈ చర్చ అంతా అక్కడే తేలుతుందని అనిపిస్తోంది. నేను మహీంద్రా వారి కొత్త విద్యుత్ కారు నడుపుతున్నాను. 2024 నవంబరులో వారు విడుదల చేసిన రెండు కార్లలోనూ పై స్థాయి మోడళ్లకు హర్మాన్ కార్డన్ వారి 16 స్పీకర్లు, అట్మాస్ ఏర్పాటు ఉన్నాయి. పాట వినడానికి ఎవరూ ఇంట్లో 16 స్పీకర్లు పెట్టుకోరు. అలాంటి కారు కొన్నవాడికి మాత్రం అవి విడిగా అడగకుండానే వచ్చేస్తాయి. పైగా ఇంటి హాల్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఎవరికీ తెలియదు, కారులో సీట్లు కదలవు కనుక ఏ చెవి ఏ స్పీకరుకు ఎంత దూరమో కంపెనీవారు ముందే కొలిచి సరిచేసి పెట్టగలరు.

అందులో నేను గమనించిన సంగతులు రెండు చెప్పవచ్చు. అట్మాస్‌లో శ్రద్ధగా చేసిన పాటలో కోరస్ వెనుక సీటునుంచి వచ్చినప్పుడు ముందున్న గొంతు మాటలు మరింత తేటగా తెలుస్తాయి, ఎందుకంటే రెండూ ఒకే చోట పడి ఒకదానినొకటి కప్పుకోవు. ఇది గారడీ కోసం చేసినది కాదని, సాహిత్యం వినపడడానికి పనికివచ్చిందని నాకు తోచింది. అయితే మామూలు స్టీరియో పాటను కారే తనంతట తాను చుట్టూ పరిచే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే గాయకుడి గొంతు పల్చబడి నాలుగు వైపులా అంటుకుంటుంది. మా స్నేహితుల్లో చాలామంది ఆ మీటనే అట్మాస్ అనుకుని, దీన్ని విని ఇదేం బాగుందని విసుక్కుంటున్నారు. అసలుకు, అలా సాగదీసినదానికి తేడా చెప్పేవారు లేకపోతే అసలుకే చెడ్డపేరు వస్తుంది.

నెల్లూరు రోడ్డు మీద నూరు కిలోమీటర్ల వేగంలో టైర్ల రొదకు సన్నని శబ్దాలన్నీ మునిగిపోతాయన్న మాట కూడా ఒప్పుకోవాలి.

జవాబు: సన్నాయి శ్రోత

నేను సంగీతం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, ఇంజినీరును కాను. ఇక్కడ అందరూ వాద్యాలను శ్రోత చుట్టూ పెట్టడమే పురోగతి అన్నట్టు మాట్లాడుతున్నారు కనుక ఒక అభ్యంతరం చెప్పదలచాను.

మన కచేరీకి ఒక ముఖం ఉంది. గాయకుడికి కుడిపక్కన మృదంగం, ఎడమపక్కన వయొలిను కూర్చుంటాయి. మృదంగ విద్వాంసుడు గాయకుడి వైపు తిరిగి కూర్చున్నప్పుడు అతని కుడిచేతి ముఖం, అంటే నాదం పలికే కరణి ఉన్న ముఖం, సభవైపు తెరుచుకుంటుంది. ఎడమచేతి వాటం ఉన్న విద్వాంసుడైతే వయొలినుతో చోటు మార్చుకుంటాడు. ఇదంతా ఎదుట కూర్చున్న శ్రోత కోసం ఏర్పడిన పద్ధతి. అలాంటి కచేరీలో మృదంగాన్ని నా వీపు వెనుకకు తెచ్చి పెడితే నేను వేదికమీద విద్వాంసుల మధ్య దూరి కూర్చున్నట్టే తప్ప సభలో కూర్చున్నట్టు కాదు.

అంతమాత్రాన ఈ సాధనం నాకు పనికిరాదని అనను. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, తర్వాత శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబుగారి నాదస్వరాన్ని తలచుకోండి. ఆ వాద్యం గదుల కోసం పుట్టింది కాదు. స్వామి ఊరేగింపులో, రాతి ప్రాకారాల మధ్య నడుస్తూ వాయించడానికి ఏర్పడింది. సన్నాయి పలుకు ముందునుంచి వచ్చి, వెనుక గోడకు తగిలి, మండపం కప్పు కిందుగా తిరిగివచ్చేలోపు డోలు దెబ్బ దానిమీద పడుతుంది. స్టూడియోలో అణసు (నాదస్వరం చివరి వెడల్పైన గంట భాగం) ముందు మైకు పెట్టి తీసిన రికార్డులో స్వరం మిగులుతుంది గాని ఆ ప్రాకారం మిగలదు. వాద్యాలను ఎదుట ఉన్నచోటే ఉంచి, చుట్టూ ఉన్న స్పీకర్లను ఆ ఆవరణకు మాత్రమే వాడితే, ఈ పద్ధతి మన సంగీతానికి మేలు చేస్తుంది. అలా చేసినవి ఎంత వెదికినా కనిపించడం లేదు.

పాత పాటల విషయం మరీ బాధగా ఉంది. ఒంగోలు ప్రాంతపు దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారు గానీ, ఘంటసాలగారు గానీ తొలిరోజుల్లో పాడినవి మోనో రికార్డులు. గాయకులు మైకుకు ఎంత దగ్గర, వాద్యబృందం ఎంత దూరం అన్నదే అప్పటి మిక్సింగ్. వేణువు కొంచెం వెనుకగా వినిపిస్తే అది ఆనాడు కూర్చోబెట్టినవారి నిర్ణయం. ఇప్పుడు కంప్యూటరుతో గొంతును, వాద్యాలను విడదీసి గదంతా చల్లితే, ఆ నిర్ణయాన్ని రద్దు చేసే అధికారం ఎవరిచ్చారు?

జవాబు: హాలు ఆపరేటర్

నేను నెల్లూరు జిల్లాలో ఒక సినిమా హాలులో చాలాకాలంగా ప్రొజెక్షన్ చూసుకుంటున్నాను. నాకు తెలిసిన ఒక్క విషయం చెప్తాను. తెర వెనుక స్పీకరు ఒకటి ఆగితే ఐదు నిమిషాల్లో ఈలలు, కేకలు మొదలవుతాయి. పైకప్పు మీదిది ఒకటి వారాల తరబడి పలకకపోయినా, నెలవారీ చెకింగులో మేం పట్టుకోవలసిందే తప్ప ప్రేక్షకుల్లో ఒక్కరూ వచ్చి అడిగిన పాపాన పోలేదు. పాటలు వచ్చేటప్పుడు జనం అడిగేది బేసు ఒక్కటే. కాబట్టి ఇది శ్రోతల డిమాండుతో నిలుస్తుందంటే నేను నమ్మను. హాలు మీద పేరు రాసుకోవడానికి యజమానులకు కావాలి, అందుకే ఉంటుంది.

తిరిగి: కావలి కోలాటం

అందరికీ ధన్యవాదాలు. కొటేషన్ పక్కన పెట్టేశాను. ఆపరేటర్ గారి మాట చదివాక మిగిలిన కాస్త ఊగిసలాట కూడా పోయింది.

అయితే మాస్టారు గారు చెప్పిన ప్రాకారం సంగతి నా కోలాటానికి కొంచెం తిరగబడి వర్తిస్తుందేమో పరిశీలించమని మనవి. కచేరీకి ముఖం ఉన్నట్టు కోలాటానికి ముఖం లేదు. చూసేవాళ్లు చుట్టూ నిలబడతారు, పాట మధ్యలోనుంచి పుడుతుంది. అక్కడ శ్రోతను నడుమ నిలబెట్టడం దూరినట్టు కాదు, గురువు నిలబడేది అక్కడే.

నెల్లూరు మిక్సింగ్ అన్నగారిని అడిగేది ఒకటి. గది లేకపోయినా, రాబోయే తిరునాళ్లలో రెండు మూడు బృందాలను ఆరుబయట రికార్డు చేసే అవకాశం నాకుంది. ఆ గురువుల్లో పెద్దవారు ఉన్నారు, మళ్లీ మళ్లీ దొరికే అవకాశం కాదు. ఇప్పుడు స్టీరియోగా అమ్ముకుంటూనే, రేపు ఏ పద్ధతి నిలిచినా దానికి పనికివచ్చేలా ఎలా తీసి పెట్టుకోవాలి? వలయం చుట్టూ ఎనిమిది మైకులు పెట్టాలన్నది నా ఆలోచన.

జవాబు: నెల్లూరు మిక్సింగ్

ఎనిమిది మైకులు వద్దు తమ్ముడూ. శబ్దానికి 20 అడుగులు దాటడానికి దాదాపు 18 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక కోల దెబ్బ దగ్గరి మైకులో ముందు, ఎదుటి మైకులో ఆ తర్వాత పడి, అన్నీ కలిపినప్పుడు ఒక్క దెబ్బ నాలుగు దెబ్బలుగా చీలుతుంది. ఆడేవాళ్లు తిరుగుతూ ఉంటారు కనుక ఏ సవరణా పూర్తిగా కుదరదు.

మీకు కావలసింది అంబిసోనిక్ మైకు. ఒకే తలలో నాలుగు క్యాప్సూళ్లు నాలుగు దిక్కులకు చూస్తూ ఉంటాయి. ఒకే బిందువు దగ్గర నిలబడి అన్ని వైపుల శబ్దాన్నీ నాలుగు ట్రాకుల్లో పట్టుకుంటుంది. ఇది 1970లలో మైకేల్ గెర్జన్ మొదలైనవారు ఇంగ్లండులో రూపొందించిన పద్ధతి. నేను పైన చెప్పిన క్వాడ్ కాలంలోనే పుట్టింది, అమ్మకాల్లో ఇదీ ఓడిపోయింది. కానీ ఆ నాలుగు ట్రాకుల్లో ఉన్నది స్పీకర్ల లెక్క కాదు, ఆ బిందువు దగ్గరి ధ్వని. అందువల్ల అప్పటి రికార్డింగును ఈరోజు కూడా 2 స్పీకర్లకు, 12 స్పీకర్లకు, ఇయర్‌ఫోన్లకు విప్పుకోవచ్చు. 360 డిగ్రీల వీడియోలకు యూట్యూబు తీసుకునేదీ ఈ ధ్వనినే. అట్మాస్ ఉన్నా పోయినా మీ రికార్డింగు చెడదనడానికి నాకు ఇంతకన్నా మంచి రుజువు దొరకదు. దీని లోపం కూడా తెలుసుకోండి, నాలుగు ట్రాకుల్లో దిక్కు కొంచెం మసకగా ఉంటుంది, పక్కపక్కన ఉన్న ఇద్దరిని వేలుపెట్టి చూపినంత స్పష్టంగా విడదీయదు. కోలాటానికి అది పెద్ద అడ్డంకి కాదు.

మైకును వలయం నడుమ, గురువు చెవి ఎత్తులో పెట్టండి. గురువు దానికి అంటుకుని నిలబడితే అతని వీపు ఒక పక్కంతా మూసేస్తుంది కనుక మూడు నాలుగు అడుగులు పక్కకు జరగమనండి. ఆయన గొంతుకు ఒక చిన్న కాలరు మైకు, డోలక్‌కు ఒక మైకు విడిగా ఇవ్వండి. కోలలకు, గజ్జెలకు విడి మైకులు పెట్టకండి. పాట మొదలయ్యే ముందు మైకు పక్కన ఒక చప్పట కొట్టించండి, తర్వాత ట్రాకులను కాలంలో కలపడానికి అది ఆధారం అవుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీసి, ఏ నాయిస్ రిడక్షనూ చేయని అసలు ఫైళ్లను రెండు హార్డ్‌డిస్కుల్లో వేరువేరు చోట్ల దాచండి.

పార్టీకి ఇచ్చే స్టీరియోను ఆ ట్రాకులనుంచే తీయవచ్చు. ఇచ్చే ముందు రెండు చానళ్లను కలిపి మోనోగా ఒకసారి వినండి, కోలల పదును తగ్గితే సరిచేయండి. మైకుసెట్టు వాళ్లకు విడిగా మోనో ఫైలే ఇవ్వడం మంచిది. ఇయర్‌ఫోన్ల కోసం తయారుచేసిన బైనారల్ ఫైలును మాత్రం యూట్యూబులో ఏకైక పాటగా పెట్టకండి, ఫోను స్పీకరులో అది డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

అట్మాస్ మిక్సు నేర్చుకోవాలన్న కోరిక ఉంటే గది లేకుండానే మొదలుపెట్టవచ్చు. ఆపిల్ లాజిక్ ప్రోగ్రాములో 2021నుంచి ఆ ఏర్పాటు లోపలే ఉంది, మంచి హెడ్‌ఫోన్లు చాలు. పూర్తయిన పాటను చెన్నైలో గంటల లెక్కన అద్దెకు దొరికే గదిలో విని సరిచూసుకోండి. గూగుల్, శాంసంగ్ కలిసి 2025 మొదట్లో ఎక్లిప్సా ఆడియో అనే, ఇలాగే చుట్టూ వినిపించే ధ్వని పద్ధతిని ప్రకటించాయి. దానికి లైసెన్సు రుసుము లేదు. యూట్యూబులోకి, టీవీల్లోకి అది గట్టిగా వస్తే, మీలాంటివారికి అట్మాస్ కన్నా అదే ముందు అందుతుందని నా ఊహ. అప్పుడైనా మిక్సు చేయడానికి కావలసింది ఈ నాలుగు ట్రాకులే.

మాస్టారు గారికి ఒక మాట. పాత మోనో పాటలను విడదీయడం గురించి తమరు అన్నది సాధారణంగా ఒప్పుకుంటాను. బీటిల్స్ బృందపు పాత టేపులను 2022లో కంప్యూటరుతో విడదీసి మళ్లీ మిక్సు చేసినప్పుడు, ఆ పని అసలు నిర్మాత కుమారుడి చేతి మీదుగా జరిగింది, పాత మోనో కూడా పక్కనే అందుబాటులో ఉంచారు. మన దగ్గర ఆ రెండు జాగ్రత్తలూ తీసుకునేవరకు నేను కూడా ఆ పని ఒప్పుకోను.

తమ్ముడూ, ఒకటి మరిచిపోవద్దు. ఆ మైకు మీద ముందువైపు ఒక గుర్తు ఉంటుంది. రికార్డింగు మొదట్లోనే అది ఏ దిక్కుకు తిరిగి ఉందో, గుడి ఎటువైపు ఉందో, బయటి వరుస ఏ దిక్కుగా తిరుగుతోందో నోటితో చెప్పి ఆ ఫైల్లోనే ఉంచండి. తిరునాళ్లలో జనరేటరును వలయానికి వీలైనంత దూరంగా పెట్టించండి, ఆ గుర్రుమన్న మోత ఒకసారి నాలుగు ట్రాకుల్లోకి ఎక్కితే తీయడం మహా కష్టం.